అక్క నడుమూ, నా కుడికాలూ

నేను పుట్టేటప్పుడు కాళ్ళు ముందు బయటికి వచ్చాయట. ఆ విషయంలో నా ప్రమేయం పెద్దగా లేదు. అయినా వాకాడు చుట్టుపక్కల సముద్రపుటొడ్డు ఊళ్ళలో నాకున్న పేరంతా దానివల్ల వచ్చిందే. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు నడుము మీద తంతే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. వరుసగా మూడు ఆదివారాలు, పొద్దు పొడవక ముందు, కుడికాలితో, పరగడుపున తన్నాలి. పరగడుపున ఉండాల్సింది తన్నేవాడా, తన్నించుకునేవాడా అన్నది ఎవరూ తేల్చి చెప్పలేదు. అందుకని ఇద్దరమూ ఏమీ తినేవాళ్ళం కాదు.

ఆదివారం తెల్లవారేసరికి మా పెరటి గోడ దగ్గర నలుగురైదుగురు ఉండేవాళ్ళు. ఎక్కువమంది పాళెం నుంచి వచ్చిన చేపలు పట్టేవాళ్ళు. వలలు లాగీ పడవలు తోసీ నడుములు పట్టేసిన మనుషులు. ఒక్కొక్కరు నాకు రెండింతలు ఉండేవాళ్ళు. గోడకు చేతులానించి వంగి నిలబడేవాళ్ళు. నేను తన్నేవాణ్ణి. వాళ్ళు "అబ్బా, దిగింది" అని లేచి, గట్టు మీద నాలుగు చేపలు పెట్టి వెళ్ళేవాళ్ళు. తన్నించుకుని చేపలిచ్చే ఊరు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

మాది క్రైస్తవ కుటుంబం. మా పాస్టరుగారు ఒకసారి మూఢాచారాల మీద గంటసేపు ప్రసంగించారు. మూఢాచారాలు అన్నప్పుడల్లా మా వరస వైపు చూశారు. అంతసేపు నిలబడటం వల్లనో ఏమో, ఆ వారం ఆయన నడుము పట్టేసింది. తర్వాతి ఆదివారం చీకటితోనే పెరటి దారిన వచ్చారు.

"ముందు చిన్న ప్రార్థన చేసి తన్ను అబ్బయా. అప్పుడది వేరే సంగతి అవుతాది" అన్నారు.

ప్రార్థన చేసి తన్నాను. ఆ తర్వాత ఆయన ప్రసంగాల్లో మూఢాచారాలు మళ్ళీ రాలేదు.

నేను నెల్లూరులో బి.ఏ. చదివాను. అందులో తర్కశాస్త్రం కూడా ఉంది. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని రెండేళ్ళపాటు నేర్చుకుని, సెలవులకు ఇంటికొచ్చి నడుములు తన్నేవాణ్ణి. నయాపైసలు వచ్చిన కొత్తల్లో నాయుడుపేట హైస్కూల్లో మాస్టరు ఉద్యోగం దొరికింది. వారమంతా అక్కడే గది తీసుకుని ఉండి, శనివారం బస్సెక్కి ఇంటికొచ్చేవాణ్ణి. అమ్మను చూడటానికి వస్తున్నానని నేను అనుకునేవాణ్ణి. గోడ దగ్గరివాళ్ళ అభిప్రాయం వేరు.

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. మా ఊరికి రెండు మైళ్ళలో ఉన్న పల్లెలో వరి పండించే బావకిచ్చి పెళ్ళి చేశారు. అక్కకు రెండు గుణాలు ఉండేవి. నొప్పి అంటే నోరెత్తదు. మిగతా ఏ విషయంలోనూ నోరు మూయదు. అందువల్ల ఆమె నడుము నొప్పి సంగతి మాకు తెలిసేసరికి తొమ్మిది నెలలయింది. నాట్లు వేసి వేసి పట్టిందనుకుందట. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందంటే ఎండకు అనుకుంది. జాకెట్లు వదులవుతున్నాయంటే దర్జీని తిట్టింది. నాయుడుపేటలో ఒక డాక్టరు నడుముకు పట్టీ అంటించి, బలానికి టానిక్కు రాసిచ్చాడు. టానిక్కు బావ తాగాడు.

చివరికి ఒక శనివారం సాయంత్రం అమ్మ దగ్గరికొచ్చి పడుకుంది.

"పొద్దున్నే నన్ను తన్నరా" అంది నాతో.

"నీకు కావాల్సింది మంచి డాక్టరక్కా. తాపు కాదు."

"ఊళ్ళో వాళ్ళందర్నీ తంతావు. తోడబుట్టినదాన్ని తన్నేదానికి చదువు అడ్డమొచ్చిందా?"

"వాళ్ళు అడిగితే తంతున్నాను."

"మరి నేనడగతా ఉండేది ఏంది, పాటా?"

తెల్లవారుతుండగా ఆమె గోడకు చేతులానించింది. పెద్దదాన్ని కాలితో తాకడం నాకు ఇబ్బందిగా ఉంది. బొటనవేలు ఆనీ ఆననట్టు తాకించి, చేత్తో ఆ చోటు తాకి కళ్ళకద్దుకున్నాను. అప్పుడు చేతికి ఏదో తగిలింది. వెన్ను మధ్యలో గోలీకాయంత ఎత్తు. వెన్నుపూస ఒకటి వరస తప్పి బయటికి పొడుచుకొచ్చినట్టు. అది ఏమై ఉంటుందో నాకు తోచలేదు. తర్కశాస్త్రంలో దాని గురించి లేదు.

రెండో ఆదివారం కూడా అట్లాగే జరిగింది. అక్క చాలా తేలిగ్గా ఉందని చెప్పి నడిచి ఇంటికి వెళ్ళింది. మంగళవారం గడప దాటుతూ కూలబడింది. లేవబోతే కాళ్ళు రాలేదు. నడుము కింది నుంచి ఉన్నదంతా ఎవరిదో అన్నట్టుందట. బావ బండి కట్టి ఆమెను అమ్మ దగ్గరికి చేర్చాడు. కబురందుకుని బుధవారం నేను వచ్చేసరికి అక్క మంచం మీద ఉంది. ఆమె కదిలించకుండానే కాళ్ళు ఉండి ఉండి గడగడ వణుకుతున్నాయి.

"మద్రాసు తీసుకుపోదాం. ఈరోజే" అన్నాను.

బావ తల గోక్కున్నాడు. "అట్టనే పోదాంలే బామ్మర్దీ. కాకుంటే మూడోది మిగిలిపోయింది గదా."

"మూడోదేంది?"

"తాపు. రెండే గదా పడింది. సగంలో ఉంటే ఇట్టనే అవతాది మరి."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ ముప్ఫై ఏళ్ళుగా బైబిలు తప్ప ఇంకో పుస్తకం ముట్టని మనిషి. "నాయనా, మొదలుపెట్టినావు. ముగించు" అంది.

నేను తన్నడం వల్ల ఇట్లా జరిగిందని ఒక్కరైనా అంటారేమోనని రెండు రోజులు ఎదురుచూశాను. అంటే కొంత ఊరటగా ఉండేది. ఎవరూ అనలేదు. అందరి ఫిర్యాదూ ఒకటే, నేను సరిగ్గా తన్నలేదని. వేలు తాకించి ఊరుకున్నానని, మనసుపెట్టి తన్నలేదని, అక్క కదా అని మొహమాటపడ్డానని. పాళెం నుంచి ఒక పెద్దాయన పనిగట్టుకుని వచ్చి, "నన్ను తన్నినట్టు తన్నుంటే ఈపాటికి లేచి కూర్చోనుండేదబ్బయా" అని పరామర్శించి వెళ్ళాడు.

అప్పుడు నేను ఒక నిర్ణయం తీసుకున్నాను. ఇక ఎవరినీ తన్నను. జరిగిన అనర్థం చాలు. ఆదివారం వచ్చింది. ఇంటిల్లిపాదీ నా కాలివైపు చూస్తున్నారు. నేను కాళ్ళు ముడుచుకుని కూర్చుని, విద్యావంతుడి బాధ్యత గురించి మాట్లాడాను. బాగానే మాట్లాడాను. అక్క మంచం మీది నుంచి అంతా విని, "మంచి ఉపన్యాసంరా. తన్నినాకనే మద్రాసు" అని గోడవైపు తల తిప్పుకుంది.

మొండితనం మా ఇంట్లో ఆస్తిలాంటిది. అందరికీ సమానంగా పంచారు. సోమవారం నేను బడికి వెళ్ళిపోయాను. రెండు రోజుల్లో వాళ్ళే దిగివస్తారని నా లెక్క. ఆదివారానికి నేనే దిగివస్తానని వాళ్ళ లెక్క. గురువారం ఎనిమిదో తరగతికి వ్యాకరణం చెబుతుండగా బావ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నువ్వు తన్నకుంటే మీ అక్క బండెక్కనంటుండాది" అన్నాడు, తరగతి అంతటికీ వినపడేలా.

పిల్లలు వ్యాకరణం కంటే ఇది శ్రద్ధగా విన్నారు. నేను బయటికి వచ్చి, "సరే బావా. ఇప్పుడే వస్తాను. వచ్చి తన్నేస్తాను. సాయంత్రమే బయలుదేరదాం" అన్నాను.

బావ నావైపు జాలిగా చూశాడు. "గురువారం తంతే ఏం లాభం బామ్మర్దీ? చదువుకున్నోడివి, నువ్వే అట్ట మాట్లాడితే ఎట్ట?"

ఆదివారం తెల్లవారుజామున మంచం మీదే అక్కను పక్కకు ఒత్తిగిలించి, మూడో తాపు తన్నాను. ముందటి రెండిటి కంటే మెల్లగా. సోమవారం పొద్దున్నే బండిలో గడ్డి మెత్తగా పరిచి పడుకోబెట్టాం. స్వర్ణముఖి ఏటి ఇసుకలో చక్రాలు దిగబడితే నేనూ బావా దిగి తోశాం. నాయుడుపేటలో రైలెక్కాం. మూడో తరగతి పెట్టెలో ఒకాయన తన పెట్టే బేడా కింద పెట్టుకుని బల్లంతా అక్కకు వదిలేసి, ఏమిటి జబ్బని అడిగాడు. అక్క చెప్పింది. ఆయన అంతా విని, ఎదురుకాళ్ళవాడెవరో చూపించమన్నాడు. తనకూ కొంచెం నడుము పట్టేసిందట.

మద్రాసులో మేము చేరిన ఆసుపత్రిలో మెదడుకూ వెన్నుకూ ప్రత్యేకంగా ఒక వార్డు ఉండేది. వార్డు డాక్టరు తమిళుడు. నా వయసువాడే. తెలుగు బాగానే మాట్లాడేవాడు, కాకపోతే ప్రతి మాటనూ కొంచెం సాగదీసేవాడు. పెద్ద కాగితం తీసి ఇంగ్లీషులో అక్క చరిత్ర రాసుకోవడం మొదలుపెట్టాడు.

"ఎప్పుడైనా కింద పడ్డారామ్మా? వెన్నుకు దెబ్బ తగిలిందా?"

"దెబ్బంటే..." అక్క ఆలోచించింది. నేను లోపల ప్రార్థన మొదలుపెట్టాను. "మా తమ్ముడు తన్నినాడు సార్."

డాక్టరు పెన్ను ఆగింది. "ఎన్నిసార్లు?"

"మూడు సార్లు. మూడోసారి కాళ్ళు పడిపోయినాక." అక్కకు వివరాల్లో తప్పు దొర్లడం ఇష్టముండదు.

డాక్టరు నన్ను తల నుంచి పాదాల దాకా చూశాడు. పాదాల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాడు.

అక్కకు నా పరిస్థితి అర్థమైంది. నన్ను కాపాడబోయింది. "వాడి తప్పేం లేదు సార్. నేనే తన్నమన్నా. పాపం, తన్ననని వారం దినాలు మొండికేసినాడు కూడా."

"ఆ వారం మీరు ఎక్కడున్నారు?"

"మంచం మీదనే, సార్."

డాక్టరు అంతా రాసుకున్నాడు. ఏం రాశాడో నాకు తలకిందులుగానే కనిపించింది. కాళ్ళు పడిపోయిన తర్వాత పదమూడు రోజులకు తెచ్చారు అన్నదాని కింద రెండు గీతలు గీశాడు. మధ్యాహ్నానికి ఈ సంగతి వార్డంతా పాకింది. నేను నీళ్ళ కూజాతో వెళుతుంటే ఆయాలు ఒకరి చెవిలో ఒకరు, "తంబి ఉదైచ్చానాం" అనుకునేవాళ్ళు. మా సరిహద్దు మనుషులకు ఆ మాత్రం తమిళం వస్తుంది. తమ్ముడు తన్నాడట. ఒకామె అయితే నేను వచ్చినప్పుడల్లా అక్క మంచానికీ నాకూ మధ్య నిలబడేది.

వెన్నులోకి సూదితో మందు ఎక్కించి, అక్కను పడుకోబెట్టిన బల్లను అటూ ఇటూ వంచి ఎక్స్‌రేలు తీశారు. సాయంత్రం డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టాడు. రెండు వెన్నుపూసలు తడిసిన బెల్లంలాగా ఒకదానిలోకి ఒకటి కుంగిపోయి ఉన్నాయి. చుట్టూ చీము నీడ. ఆ చీమూ, విరిగిన ఎముకా కలిసి లోపలి వెన్నుపామును నొక్కుతున్నాయన్నాడు. వెన్నుకు పట్టిన క్షయ.

"ఆమెకు దగ్గే లేదండీ."

"క్షయ ఊపిరితిత్తుల్లోనే ఉండాలని ఎవరు చెప్పారు? ఏడాది నుంచి ఎముక తింటోంది."

మందులతో పడుకోబెడితే చాలని కొందరు డాక్టర్లు అంటున్నారని, కోసి శుభ్రం చేయాలని కొందరు అంటున్నారని, ఏది మేలో తేల్చడానికి తమ దగ్గరికి వచ్చే ఇలాంటి రోగుల వివరాలన్నీ పూసగుచ్చినట్టు రాసి పెడుతున్నామని చెప్పాడు.

"మరి అక్కకు?"

"కాళ్ళు ఇంతగా పడిపోయినప్పుడు కోయాలనే మా పెద్ద డాక్టరుగారి మాట. మళ్ళీ నడుస్తుందా అంటే, నడవచ్చు. అంతవరకే చెప్పగలను."

అప్పటిదాకా అడగకుండా ఆపుకున్నదాన్ని అడిగేశాను. "నేను తన్నడం వల్ల...?"

"ఎలా తన్నారో చూపించండి."

ఆ వరండా గోడను నేను తన్నాను. పైకి వెళ్ళే నర్సు ఒకామె మెట్ల మీద ఆగి చూసింది.

"ఇదా?" అన్నాడు డాక్టరు. "దీనికి ఈగ కూడా లేవదు. ఏమీ కాలేదు, పోండి. రోజులే పోయాయి. వెన్నుపాము మీద ఒత్తిడి ఎన్నాళ్ళుంటే అంత చేటు. ఒక వారం ముందు తెచ్చి ఉంటే బాగుండేది."

"ఎంత బాగుండేది?"

"అది చెప్పగలిగితే ఈ రాసుకోవడమంతా ఎందుకండీ?"

ఫిల్ము తీసుకుని వెళ్ళిపోయాడు. నేను గోడ దగ్గరే నిలబడి లెక్క వేసుకున్నాను. లెక్క కష్టమైనది కాదు. తన్నడం వల్ల ఏమీ కాలేదు. తన్ననని భీష్మించుకోవడం వల్ల ఒక వారం పోయింది. కాళ్ళు పడిపోయాక వచ్చిన మొదటి ఆదివారమే బొటనవేలు తాకించి ఉంటే సోమవారానికి బండి కట్టేవాళ్ళం. మూఢనమ్మకానికి లొంగకుండా నేను కాపాడుకున్న వివేకం ఖరీదు అక్క కాళ్ళు చెల్లించాయి. ఈ సంగతి ఎవరికి చెప్పాలో తెలియలేదు. చెప్పినా నన్ను తిట్టగలిగేంత తర్కం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆపరేషన్ కాగితం మీద బావ సంతకం పెట్టలేదు. పెన్ను పట్టుకుని, "వెన్ను తెరిస్తే మనిషి బతకతాదా?" అని పావుగంట కూర్చున్నాడు. అక్క కాగితం లాక్కుంది.

"నువ్వు పోయి వరికోత చూసుకో. నా కోతకు నేనే సంతకం పెట్టుకుంటా" అని మిషను బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలతో ఇంటిపేరుతో సహా రాసింది.

ఆపరేషన్ పొద్దున మొదలై మధ్యాహ్నం దాటాక ముగిసింది. వీపు పక్కనుంచి పక్కటెముక ముక్క ఒకటి తీసి, ఆ దారిన వెన్ను దగ్గరికి చేరి, చీము తోడి, చచ్చిన ఎముక గీకి, ఆ ఖాళీలో పక్కటెముక ముక్కనే కుదిర్చారట. రెండు రోజుల తర్వాత, నోరు తిరిగిన వెంటనే అక్క ఈ విషయం మీద వ్యాఖ్యానించింది.

"దేవుడు ఆదాము పక్కటెముక తీసి ఆడదాన్ని చేసినాడు. వీళ్ళు ఆడదాని పక్కటెముక తీసి మళ్ళా ఆడదాన్నే చేస్తుండారు. పని మెరుగే."

డాక్టరు రోజూ పొద్దున్నే వచ్చి తన బీరువా తాళంచెవితో ఆమె అరికాళ్ళు గీకేవాడు. తెలుస్తోందా అని అడిగేవాడు. లేదనేది. ఎనిమిదో రోజున, "తాళంచెవి తిప్పితే తెరుచుకునేదానికి ఇదేం తలుపా సార్?" అని అడిగింది. పదకొండో రోజున కుడికాలు గీకినప్పుడు "అబ్బ" అంది. డాక్టరు మళ్ళీ గీకాడు. ఆమె మళ్ళీ తిట్టబోయి ఆగిపోయింది. ఆమె మాట మధ్యలో ఆపడం నేను చూసింది అదొక్కసారే. మర్నాడు కుడి బొటనవేలు కదిలింది. ఎడమది కదలలేదు.

వీపంతా పట్టేలా సున్నపు పట్టీతో తొట్టిలాంటిది పోతపోసి, అందులో నెలల తరబడి పడుకోబెట్టారు. రోజుకొక సూది, గుప్పెడు మాత్రలు. బావ కోతలు ముగించుకుని వచ్చి ఉండేవాడు. నేను సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళేవాణ్ణి. వెళ్ళగానే ముందు ఆమె ఎడమకాలి వంక చూసేవాణ్ణి. తుంటి వచ్చింది, మోకాలు వచ్చింది. పాదం మాత్రం ముందుకు వాలిపోయి, చెప్పిన మాట వినకుండా ఉండిపోయింది. డాక్టరు ఆ సంగతీ రాసుకున్నాడు.

ఏడో నెలలో ఇంటికి తెచ్చాం. అక్క నడిచింది. మొదట గోడలు పట్టుకుని, తర్వాత నా చెయ్యి పట్టుకుని, తర్వాత చెయ్యి విదిలించుకుని. ఎడమపాదం నేలను రాసుకుంటూ వచ్చేది. బరువులు ఎత్తకూడదంటే బిందె ఎత్తేది. వంగకూడదంటే ఏదో ఒకటి కింద పడేసి వంగేది. కర్ర కొనిస్తే దానితో కోళ్ళను అదిలించేది.

ఆదివారాలు గోడ దగ్గరికి మనుషులు వస్తూనే ఉన్నారు. నిజానికి ఎక్కువయ్యారు. నేను తన్నే ముందు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాను. సాయంత్రం జ్వరం వస్తుందా, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా, వెన్ను మీద ఎత్తుగా ఏదైనా ఉందా. అనుమానం ఉంటే నెల్లూరు ఆసుపత్రికి పొమ్మనేవాణ్ణి. పోతాం, ముందు తన్ను అనేవాళ్ళు. ఇప్పుడు వాదించేవాణ్ణి కాదు. వెంటనే తన్నేసి, బస్సు వేళ చెప్పేవాణ్ణి. పాళెం పెద్దాయనకు ఇది నచ్చలేదు.

"తన్నేదానికి ఇంత ఇంటర్వ్యూ ఎందుకబ్బయా? ముందు బాగా తన్నేవోడివి" అన్నాడు.

ఒక మధ్యాహ్నం బావవాళ్ళ ఇంటి వసారాలో నేనూ అక్కా కూర్చున్నాం. ఆమె లేచి చెంబు లోపల పెట్టి తిరిగి వచ్చింది. నేను ఆ పాదం వైపే చూస్తున్నాను.

"ఏందిరా, ఎప్పుడు చూసినా కాలివంక చూస్తావు? పడిపోతాదా?"

ఇంక ఉండబట్టలేక చెప్పేశాను. "అక్కా, ఆ ఆదివారం నువ్వు అడిగినప్పుడే తన్ని ఉండాల్సింది. నేను మొండికేయకుండా ఉంటే ఈ కాలు కూడా పూర్తిగా వచ్చేదేమో. డాక్టరు అట్లాగే అన్నాడు."

అక్క కొంగు అందుకుంది. కళ్ళు తుడుచుకుంది. ఏడాదిగా మోసిన బరువు దించుకున్నానని అనుకున్నాను.

"ఏమయ్యా, ఇట్రా!" అని లోపలికి కేక వేసింది అప్పుడు. "మా తమ్ముడు ఇన్నాళ్ళకు ఒప్పుకున్నాడు. మూడోది ఆ ఆదివారమే పడుంటే రెండు కాళ్ళూ బాగయ్యుండేవంట. మద్రాసు డాక్టరు కూడా అదే చెప్పినాడంట!"

"అక్కా, నేను చెప్పింది అది కాదు. తన్నడం కాదు, రోజులు..."

"రోజులే గదరా నేనూ చెప్తుండేది. ఆదివారమంటే ఆదివారమే."

నేను నోరు తెరిచేలోపు, అమ్మకు ఈ సంగతి చెప్పాలని, కర్ర అక్కడే వదిలేసి, ఎడమకాలు ఈడ్చుకుంటూ, రెండు మైళ్ళ దారికి మెట్లు దిగింది. బావ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ఆలోచించి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలే బామ్మర్దీ, బాధపడొద్దు. చిన్నతనం. తన్నలేకపోయినావు. ఇంట్లో ఎవురూ నిన్నేమీ అనుకోలేదులే."